నా మొహాన ఉమ్మినవాళ్ళు

నేను ఒక మొహాన్ని. మీకు దేవుడిచ్చిన మొహం ఒకటుంది కదా, దాని మీద తొడుక్కుని సముద్రం అడుగుకు దిగడానికి మనుషులు చేసుకున్న రెండో మొహాన్ని. అట్టపెట్టె మీద నా పేరు డైవింగ్ మాస్కు. మాస్కు అనగానే మీకు మూతికి కట్టుకునే గుడ్డముక్క గుర్తొస్తుందని తెలుసు. దానికీ నాకూ ఏ చుట్టరికమూ లేదు. అది నోరు మూస్తుంది, నేను కళ్ళు తెరిపిస్తాను.

ముందే చెప్పేస్తున్నాను, నాది శాంత స్వభావం కాదు. మీరు నా మీద జాలిపడాలని ఈ కథ చెప్పడం లేదు. ఎవరు నన్ను ఎలా అవమానించారో, నేను ఎంతకాలం పళ్ళు నూరుకున్నానో, చివరికి ఆ కసి ఎవరి మీద తీరిందో చెప్పడానికే నోరు విప్పాను. పళ్ళు లేనిదానివి ఎలా నూరుకున్నావని అడక్కండి. మీ మధ్య నాలుగు రోజులు బతికితే అన్నీ వస్తాయి.

పుట్టింది ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో. గాజును ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిచారు. దాని చుట్టూ మెత్తటి నల్ల సిలికాన్ పోతపోశారు. ముక్కుకు ఒక గూడు, తల వెనక్కి ఒక పట్టీ. ఆ పోత పోసేటప్పుడు నా అద్దం లోపలి వైపు కంటికి కనిపించని జిడ్డు పొర ఒకటి ఉండిపోయింది. కొత్త మాస్కులన్నిటికీ ఉంటుంది అది. నేను దాన్ని నా వన్నె అనుకున్నాను. మనుషులు మాత్రం దాన్ని రోగం అంటారు. ఎందుకంటే ఆ పొర ఉన్నంతకాలం లోపల మనిషి ఊపిరి వెచ్చదనానికీ బయట నీళ్ళ చల్లదనానికీ మధ్య నా అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది. ఆవిరి పట్టిన అద్దంతో నీళ్ళలోకి దిగడమంటే కళ్ళకు గంతలు కట్టుకుని దిగడమే.

విశాఖ హార్బరు దగ్గర ఒక కొట్టులో తాళ్ళ చుట్టలకూ లైఫ్ జాకెట్లకూ మధ్య నన్ను వేలాడదీశారు. వచ్చినవాళ్ళు సరదాకి పెట్టుకుని ఫోటోలు తీసుకుని మళ్ళీ కొక్కేనికి తగిలించి పోయేవారు. కొత్తగా పెళ్ళయిన ఒకాయన నన్ను పెట్టుకుంటే ఆయన భార్య పడీపడీ నవ్వింది. ఆయన నన్ను పీకి, తప్పంతా నాదే అన్నట్టు కోపంగా చూశాడు. మనుషులతో నాకు మొదటి పరిచయం అది. ఇంకా మంచివాళ్ళు వస్తారులే అనుకున్నాను.

వచ్చినవాడు గరికిన లోవరాజు. భీమిలి దారిలో ఒక జాలరిపేట అతనిది. హార్బరులో డైవరు. ఓడల అడుగున పట్టిన గుల్లలు గీకడం, బోట్లని నీళ్ళలో నెట్టే పంకాలకు చుట్టుకున్న వలలు కోసి తీయడం అతని పని. పాత మాస్కు పగిలిపోయిందని నన్ను కొని సైకిల్ హ్యాండిల్‌కి తగిలించుకుని ఇంటికి తీసుకుపోయాడు.

గుమ్మంలోనే అతని భార్య పైడమ్మ అడ్డం నిలబడింది.

“ఆగు మావా. కొత్త వస్తువుని అలగే లోపలికి తెచ్చేత్తావేటి?”

నన్ను తీసుకుని కడిగింది. చుట్టూ పసుపు రాసింది. నా అద్దం మధ్య, సరిగ్గా రెండు కళ్ళ నడుమ వచ్చేచోట, కుంకుమ బొట్టు పెట్టింది. గంగమ్మ పటం ముందు పెట్టి కర్పూరం వెలిగించింది. “సల్లగా సూడు తల్లీ. దిగినోడిని దిగినట్టు నాకు పైకి తేవాల” అంది. నన్ను తల్లీ అని పిలిచిన మనిషి ఈ లోకంలో ఆవిడ ఒక్కతే. ఆ రాత్రంతా నేను ఉబ్బిపోతూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే నా ఉబ్బు దించేశారు. లోవరాజు నన్ను పెరట్లోకి తీసుకుపోయి ముందు నా బొట్టు కడిగేశాడు. తర్వాత తెల్ల టూత్‌పేస్టు బొటనవేలంత పిండి, ఇత్తడి చెంబు తోమినట్టు నా అద్దాన్ని లోపలివైపు తోమడం మొదలుపెట్టాడు. తోమాడు, కడిగాడు, మళ్ళీ తోమాడు. పుదీనా ఘాటుకి నాకు కళ్ళు మండాయి. అంతటితో ఊరుకున్నాడా? జేబులోంచి లైటర్ తీసి, మంటను నా అద్దం లోపలి వైపు ఆనించి, నెమ్మదిగా అంచు నుంచి అంచుకి తిప్పాడు. సిలికాన్‌కి సెగ తగలకుండా జాగ్రత్తపడ్డాడు, అంత తెలివి ఉంది. మంట తగిలినచోటల్లా నా వన్నె నల్లటి పొగై లేచింది. ఆ కంపు నా ఒంటిదే. నల్లబారిన చోట మళ్ళీ టూత్‌పేస్టు.

అయిపోయిందనుకున్నాను. అప్పుడు లోవరాజు నన్ను వెల్లకిలా పట్టుకుని, గొంతు లోతుల్లోంచి లాగి, నా మొహాన ఉమ్మాడు.

కొంచెం కాదు, నిండుగా ఉమ్మాడు. వేలితో ఆ ఉమ్మిని నా అద్దమంతా పులిమి, నీళ్ళలో ఒక్కసారి జాడించి, ఎండకు ఎత్తి చూసి “ఇప్పుడు బాగున్నాదిరా అద్దం” అన్నాడు.

మీ ఊళ్ళల్లో ఎదుటివాణ్ణి ముట్టుకోకుండా చంపాలంటే ఏమంటారు? మొహాన ఉమ్మేస్తాం అంటారు. ఉమ్మక్కర్లేదు, ఆ మాట అన్నందుకే అన్నదమ్ములు ఒకరి గుమ్మం ఒకరు తొక్కకుండా తరాలు గడిచిపోతాయి. అలాంటిది నిజంగా ఉమ్మితే? పైగా నేను మొత్తం మొహాన్నే. తుడుచుకోవడానికి కొంగు లేదు, తిప్పుకోవడానికి మెడ లేదు.

పెరటి గుమ్మంలోంచి పైడమ్మ చూసింది. చేతిలో చేట పక్కన పడేసి వచ్చింది.

“బొట్టెట్టిన దాని మీద ఉమ్మినావా? అమ్మోరి ముందర పెట్టి తీసిన వస్తువది. ఎంగిలి సేసేసినావు.”

“ఉమ్మకపోతే మసకేసేత్తాదే. అడుగుకెల్లేక నా కళ్ళు నువ్వు తెచ్చిత్తావేటి?”

“నాకు తెల్దు. నా ఎదర మాత్రం ఈ పని సెయ్యకు.”

అప్పటినుంచి ఆమె ఎదర చేసేవాడు కాదు. హార్బరులో బోటు ఎక్కాకే ఉమ్మేవాడు. ఆ రోజు నేను ఒట్టు పెట్టుకున్నాను. లోవరాజు మీద పగ తీర్చుకోకుండా ఈ అద్దం పగలకూడదు అనుకున్నాను.

నాకు చేతనైనదల్లా చేశాను. అతని ముక్కు మొదట కొరికేదాన్ని. మొహం చుట్టూ ఎర్రటి వాత వేసి పంపేదాన్ని. సాయంత్రం దాకా ఆ వాతతో తిరుగుతుంటే తోటివాళ్ళు కోతి మొహం అనేవారు. అదను చూసి ఒక చెంచాడు ఉప్పునీళ్ళు కంట్లోకి వదిలేదాన్ని. కానీ నా అసలు ఆయుధం ఆవిరి. పంకా కింద కత్తి పట్టుకుని ఉన్నప్పుడు ఒక్కసారి మసకేస్తే చాలు, వల బదులు తన వేలు కోసుకుంటాడు. ఆ అదను కోసం కాచుకుని కూర్చునేదాన్ని. ఉమ్మి నా పగని రోజూ పొద్దున్నే చల్లార్చేసేది. ఉమ్మిన రోజు ఎంత బిగపట్టినా నాకు ఆవిరి పట్టదు. చుట్ట కాల్చి వచ్చిన రోజుల్లో అయితే ఆ ఉమ్మి సంగతి చెప్పుకోకపోవడమే మర్యాద.

ఒకసారి జలుబుతోనే దిగాడు. లోతుకు పోయేసరికి చెవిలో కర్ణభేరి చిరిగింది. పైకి తెచ్చి పడుకోబెడితే చెవి పట్టుకుని మెలికలు తిరిగాడు. అందులో నా చెయ్యి లేదు. అయినా అబద్ధమెందుకు, నాకు పండగలా అనిపించింది. ఇంక జన్మలో నీళ్ళ కిందకి పోవద్దన్నాడు డాక్టరు. నన్ను తెచ్చి ఇంటి గోడకి మేకుకి తగిలించారు. పండగ నాలుగు రోజులు కూడా నిలవలేదు. గోడ మీద ఉన్నదాన్ని ఉమ్మడానికి కూడా ఎవరూ తలుచుకోరు.

ఆ మేకు మీదినుంచే నేను ఎల్లాజీని చూసేదాన్ని. పైడమ్మ తమ్ముడు. తల్లి పోతే పైడమ్మే పెంచింది. పుర్రచేతివాటం మనిషి. అన్నం కుడిచేత్తో తినమని ఎంత తిట్టినా చెయ్యి ఎడమదే ముందుకొచ్చేది. వసారాలో కూర్చుని వల బాగుచేస్తుంటే అతను వేసే ముడులు అందరి ముడులకీ తిరగేసి ఉండేవి. లోవరాజు వాటిని విప్పలేక తిట్టుకునేవాడు. “మీ బామ్మర్దుల వంశమే ఎదురు వంశమురా” అనేవాడు. ఎల్లాజీ నవ్వేవాడు. చుక్క ముట్టని మనిషి. చిన్న ఫైబర్ తెప్ప మీద ఒంటరిగా తెల్లవారకముందే వేటకు పోయి ఎండెక్కేసరికి వచ్చేసేవాడు.

ఒకరోజు రాలేదు. మర్నాడు అతని శవం భీమిలి వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. తెప్ప జాడ లేదు.

ఏం జరిగి ఉంటుందో పేటలో అందరికీ తెలుసు. పెద్ద మరబోట్లు ఒడ్డు దగ్గరి నీళ్ళలోకి రాకూడదని కట్టుబాటు ఉంది. కానీ రొయ్య ఉండేది ఒడ్డు దగ్గరే. చీకట్లో దీపాలార్పుకుని వచ్చి వల లాక్కుని పోతుంటారు. ఎల్లాజీ తిరిగిరాని పొద్దున దానయ్య అనే ఆసామి బోటు హార్బరుకి ఒక బోర్డు లేకుండా వచ్చింది. బోటు వెనక లాగే వల నోరు మూసుకుపోకుండా రెండు పక్కలా రెండు బరువైన చెక్కబోర్డులు కడతారు. వాటిలో ఒకటి లేదు. ఆ బోటుకి ఓనరూ దానయ్యే, నడిపే సరంగూ దానయ్యే.

సముద్రపు ఒడ్డున కులపెద్ద పోలయ్య కూటం పెట్టాడు. అక్కడ జరిగింది పైడమ్మ ఇంటికొచ్చి నా ఎదుటే లోవరాజుకి మళ్ళీ మళ్ళీ చెప్పుకుని ఏడ్చింది. దానయ్య మీసం దువ్వుకుంటూ అన్నాడట, “నా బోర్డు లోతు నీళ్ళలో రాయికి పట్టేసి పోయింది. ఎల్లాజీ తాగేసి ఎల్లుంటాడు. తూలి పడుంటాడు. దానికి నానేటి సేత్తాను?”

తెప్ప కనిపించందే, దెబ్బ కనిపించందే ఏమీ చెయ్యలేమన్నాడు పోలయ్య. కూటం లేచిపోయింది. తాగి పడ్డాడన్న మాట మాత్రం లేచిపోలేదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు అన్నారు. చావు పలకరింపుకి వచ్చినవాళ్ళు కూడా “పాపం, ఈ తాగుడు ఎంత పని సేసింది” అని పోయారు. పైడమ్మ తమ్ముడి కోసం ఏడ్చింది ఒకవంతు. ఆ మాటకి ఏడ్చింది మూడు వంతులు.

“వోడి నోటంటే ఆ మాట ఎనక్కి తీయించాల మావా. తెప్ప ఎక్కడున్నా నాను ఎతికి తీత్తాను” అంది.

పక్క పేటవాళ్ళ వలలు ఒకచోట ఏదో దానికి పట్టి చిరిగిపోతున్నాయని లోవరాజు ఆరా తీశాడు. ఆరు బారల లోతు. తనకి చూస్తే చెవి లేదు. హార్బరు డైవర్లెవరూ దానయ్యతో పేచీ పెట్టుకోరు. ఇంక పైడమ్మ మిగిలింది. చిన్నప్పటినుంచి అలల్లో పెరిగిన మనిషి. నన్ను మేకు మీదినుంచి దించి, ఒడ్డు దగ్గరి నీళ్ళలో లోవరాజు ఆమెకి గాలి సిలిండరుతో ఊపిరి పీల్చడం నేర్పాడు. దిగే ముందు ప్రతిసారీ ఆమె నా అంచుకి పసుపు రాసి బొట్టు పెట్టేది. ఆమె అటు తిరగ్గానే లోవరాజు దొంగచాటుగా నాలో ఉమ్మి, పులిమి, జాడించి ఇచ్చేవాడు. అడుగున ఇసుకరేణువులు కూడా కనిపిస్తున్నాయని ఆమె మురిసిపోయేది. అంతా బొట్టు మహిమ అనుకునేది. మొగుడు ముసిముసిగా నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

అసలు దిగాల్సిన రోజు వచ్చింది. హార్బరులో పాత స్నేహితుడి కాళ్ళా వేళ్ళా పడి లోవరాజు ఒకే ఒక్క సిలిండరు ఎరువు తెచ్చాడు. పైడమ్మ ఆ పొద్దున తలస్నానం చేసి, నన్ను ఎవరికీ ఇవ్వకుండా తన ఒళ్ళోనే పెట్టుకుంది. అలంకారం మామూలుగా చెయ్యలేదు. గుడ్డకి కొబ్బరినూనె అద్ది నా అద్దం లోపలా బయటా నిగనిగలాడేలా తుడిచింది. పసుపు రాసింది. పెద్ద బొట్టు పెట్టింది. మమ్మల్ని తీసుకుపోతున్న తెప్ప ఇంజను తిప్పుతూ లోవరాజు చూడలేదు. నేను మాత్రం పెళ్ళికూతురిలా కూర్చున్నాను. ఇన్నాళ్ళకి నా మర్యాద నాకు దక్కింది అనుకున్నాను.

ఆమె దిగింది. రెండు బారల లోతు దాటిందో లేదో, నా అద్దం తెల్లబడింది.

నేను కావాలని చెయ్యలేదు. ఈ ఒక్క మనిషికి నేను కళ్ళు కావాలనుకున్నాను. కానీ జిడ్డు జిడ్డే, అది పగవాడు రాసినా పూజ చేసి రాసినా. ఆవిరి ఆ నూనె మీద పొగమంచులా పరుచుకుంది. నేర్పినట్టే కొంచెం నీళ్ళు లోపలికి వదిలి కడుక్కోబోయింది. పసుపు కరిగి కళ్ళలోకి వచ్చింది. ఏది కిందో ఏది పైనో తెలియక, ఊపిరి ఎగబీలుస్తూ, చేతులు చాచి ఇసుకలో తడుముకుంది. సిలిండరులో గాలి సగం అలాగే అయిపోయింది. ఉమ్మినవాడికి ఏడాది పొడుగునా అద్దంలా సేవ చేశాను. బొట్టు పెట్టినదాన్ని మాత్రం గుడ్డిదాన్ని చేశాను. నా పగ నా మొహాన్నే కొట్టింది.

ఆమె పైకి తేలి తెప్ప అంచు పట్టుకుంది. లోవరాజు నన్ను లాగి వేలితో రాసి చూశాడు. వేలు జారింది.

“నూనె రాసినావా?” అన్నాడు. అతనికి కోపం రాలేదు. ఏడుపొచ్చింది. “గాలి సగమే ఉన్నాదే పైడీ. ఇదొక్క దిగుడే. మళ్ళా సిలిండరెవుడిత్తాడు?”

సామానులో ఉన్న టూత్‌పేస్టు పిండి గబగబా తోమాడు. ఈసారి నాకు మంటపుట్టినా కిమ్మనలేదు. కడిగి ఆమె చేతికిచ్చాడు.

“ఉమ్ము.”

“బొట్టెట్టిన దాని మీద నానుమ్మను.”

“ఇన్నాళ్ళూ నానే ఉమ్మి ఇచ్చినాను. నీకు తెల్దు. బొట్టు కాదే నీకు సూపించింది, నా ఎంగిలి.”

పైడమ్మ అతని వైపు చూసింది. తిడుతుందేమో అనుకున్నాను. నన్ను అతనికే తిరిగి ఇచ్చేయబోయింది. అప్పుడు లోవరాజు గొంతు తగ్గించి అన్నాడు.

“అమ్మోరు అనుకోకు. దానయ్య మొహం అనుకో.”

ఆమె నన్ను కళ్ళ ఎదురుగా ఎత్తి పట్టుకుంది. చాలాసేపు చూసింది. నాలో ఆమెకి ఎవరి మీసం కనిపించిందో నాకు తెలుసు. తర్వాత ఉమ్మింది. చుట్టపొగ వాసన ఉన్న లోవరాజు ఉమ్మి ఎన్నిసార్లో భరించాను. ఇలాంటిది ఎప్పుడూ పడలేదు. నెలల తరబడి మింగుకున్నదంతా అందులో ఉంది. విచిత్రం, నాకు అవమానమనిపించలేదు. అది నాది కాదని, ఇంకొకడికి చేరాల్సింది నా చేతికి ఇచ్చారని అర్థమైంది. వేలితో మూల మూలకీ పులిమి, ఒక్కసారి జాడించి తొడుక్కుంది.

ఈసారి నేను గాలికన్నా తేటగా ఉన్నాను.

ఎల్లాజీ తెప్ప ఇసుకలో పక్కకి ఒరిగి ఉంది. ఒక పక్క పంకా కోసిన గాట్లు వరసగా ఉన్నాయి. దాని పక్కనే దానయ్య బోర్డు. ఇనుప పట్టీ మీద వెల్డింగు చేసిన అతని గుర్తు, ‘ద’ అక్షరం, చక్కగా కనిపించింది. ఆ బోర్డు తాడు మాత్రం తెప్ప ముందుకొమ్ముకి చుట్టి కట్టి ఉంది. చిక్కుకున్నది కాదు, ఎవరో చేత్తో కట్టింది. పైడమ్మ దగ్గరకి పోయి చూసింది. ముడి తిరగేసి ఉంది.

బోటు గుద్దినప్పుడు తమ్ముడు చావలేదు. తెప్ప చీలి మునుగుతున్నా, తన మీదుగా పోతున్న బోటు తాడు పట్టుకుని, తనని వదిలేసి పోకుండా దాన్ని తెప్పకి ముడేశాడు. తాగినవాడికి చీకట్లో, ఈదుతూ, అంత గట్టి ముడి పడదు. ముడికి అవతల తాడు బారెడు పొడవుంది. దాని చివర పీచు లేవలేదు. ఒక్క కోతకి తెగింది. బరువు తగిలి, తిరిగి చూసి, కేక విని, బోటు మీద ఉన్నవాడెవడో కత్తితో కోశాడు.

పైడమ్మ నాలో ఏడ్చింది. నీళ్ళ కింద ఏడుపు వినిపించదు, తుడుచుకోవడానికి వీలుండదు. ఆ నీళ్ళన్నీ నా ముక్కుగూటిలో నిలబడ్డాయి. ఆమె దేన్నీ ముట్టుకోలేదు. తన నడుముకున్న తాడు విప్పి తెప్పకి కట్టి, పైకొచ్చి రెండో కొసకి గుర్తుగా తేలే డబ్బా ఒకటి కట్టింది.

మర్నాడు పోలయ్యనీ పెద్దల్నీ తెప్పల మీద ఆ డబ్బా దగ్గరికి తీసుకుపోయారు. దానయ్య కూడా వచ్చాడు. రాకపోతే ఒప్పుకున్నట్టే అని పోలయ్య కబురు పెట్టాడు మరి. సిలిండరు దగ్గర ఈసారి పేచీ రాలేదు. తిరగేసిన ముడి మాట హార్బరు దాకా పోయింది, రెండు సిలిండర్లు వాటంతటవే వచ్చాయి. నాకు తోడు ఇంకో పాత మాస్కు కూడా ఇచ్చారు.

“బోర్డు నాదే అనుకో” అన్నాడు దానయ్య. “తాడు తెగిపోనాది. కొట్టుకొచ్చి ఆ తెప్పకి తగులుకున్నాది. దానికి నన్నంటారేటి?”

“తెగినాదో, కోసినాదో, నువ్వే దిగి సూసి సెప్పు” అంది పైడమ్మ. “నాను సెప్తే కచ్చతో సెప్పినానంటావు. నీ కళ్ళతో సూసి నీ నోటితో సెప్పు. ఆరు బారలే. నా సెయ్యట్టుకో.”

పోలయ్య తలూపాడు. అందరి ముందూ సరంగు నీళ్ళకు భయపడ్డానని ఎలా అంటాడు? సరేనన్నాడు. సిలిండరుతో ఊపిరి పీల్చడం అక్కడే నేర్పి, లోవరాజు నన్ను అతని మొహానికి ఆనించి చూసి పెదవి విరిచాడు. గుబురు మీసం అడ్డం. దాని సందుల్లోంచి నీళ్ళు కారిపోతాయి.

“మీసం తియ్యాల” అన్నాడు.

దానయ్య మొహం జేవురించింది. “మీసం తీయించుకోడమేటి? నానేటి తప్పు సేసినాను?”

“తప్పు సెయ్యకపోతే మళ్ళా మొలుత్తాది” అన్నాడు పోలయ్య.

ఒడ్డు నుంచి బ్లేడు తెప్పించారు. పక్క తెప్ప మీదివాళ్ళు చూస్తుండగా దానయ్య తన మీసం తనే తీసుకున్నాడు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది అతనికి.

పైడమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుంది. ఆ రోజు పసుపు లేదు, నూనె లేదు. టూత్‌పేస్టుతో నిదానంగా, ఎక్కడా వదలకుండా తోమింది. కడిగి ఎండకెత్తి చూసి మళ్ళీ తోమింది. తర్వాత అందరూ చూస్తుండగా నాలో ఉమ్మింది. నిదానంగా వేలితో అంచులదాకా రాసింది. బిడ్డకి కాటుక దిద్దినంత ఓపిగ్గా రాసింది. ఒక్కసారి జాడించింది. దానయ్య దగ్గరికి పోయి తన చేతులతోనే నన్ను అతని మొహానికి తొడిగింది.

“మసక రాదు” అంది. “అంతా అవుపడతాది.”

అతని చర్మం మీద నేను బిగుసుకున్నాను. ముక్కు మొదట కొరికాను. లోవరాజు మీద దాచుకున్నదంతా ఇక్కడ వాడాను.

ఇద్దరూ దిగారు. అడుగుకి చేరాక దానయ్య కళ్ళు మూసుకున్నాడు. మొహం మీదున్న నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాడు. పైడమ్మకి తెలిసింది. వేలితో నా అద్దం మీద కొట్టింది. తెరవలేదు. మళ్ళీ కొట్టింది. తలుపు తీసేదాకా పోనివాళ్ళు కొట్టినట్టు కొడుతూనే ఉంది. చివరికి తెరిచాడు. నేను గాట్లు చూపించాను. ‘ద’ చూపించాను. తిరగేసిన ముడి చూపించాను. ఆమె ఆ తాడు చివర తీసుకుని నా ముందు పట్టుకుంది, నేను దాన్ని పోగు పోగునా చూపించాను. ఏడాదిపాటు ఆవిరి కోసం కాచుకున్నదాన్ని, ఆ క్షణాన ఒక్క చుక్క ఆవిరి కూడా నా మీద పడకూడదని బిగపట్టాను. చూపించకపోవడమే పగ అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎంత తెలివితక్కువదాన్ని.

పైకొచ్చారు. దానయ్య తెప్ప మీద కూలబడి నన్ను నుదుటి మీదికి నెట్టుకున్నాడు.

“ఏటి అవుపడింది?” అన్నాడు పోలయ్య.

“ఏటీ లేదు. అద్దం మసకేసేసింది. అంతా తెల్లగా ఉన్నాది.”

నా మీదే. చూశారా, అబద్ధం కూడా నా మీదే పెట్టాడు.

పోలయ్య వంగి అతని నుదుటి మీదినుంచి నన్ను ఊడదీశాడు. లోపల తడి ఆరలేదు. ఎండకెత్తి పట్టుకున్నాడు. పక్క తెప్పల మీదివాళ్ళు కూడా ముందుకి వంగి చూశారు. నామీద మరకన్నది లేదు. ఆయన నన్ను తన కళ్ళకి అడ్డం పెట్టుకుని దానయ్యని చూశాడు. మీసం పోయిన చోట తెల్లటి చర్మం, దానిమీద బ్లేడు గాట్లు, అన్నీ నాలోంచి కనబడ్డాయి.

“మసకేటీ లేదురా దానయ్యా. నువ్వు నాకు సక్కగా అవుపడతన్నావు” అన్నాడు.

దానయ్య చెయ్యి అలవాటుగా మీసం దువ్వబోయి ఉత్త చర్మం మీద పడింది.

“కోసినాను” అన్నాడు దానయ్య.

“ఎందుకు కోసినావు?”

“బోటు పేరు బయటకొత్తాదని. దగ్గరి నీళ్ళలో ఉన్నాము గదా.”

పైడమ్మ అతని ఎదురుగా వచ్చి కూర్చుంది. “మా ఎల్లాజీ తాగున్నాడా?”

“లేదు.”

“నీకెలగ తెలుసు?”

“కేకేసినాడు. పేరెట్టి పిలిసినాడు. దానయ్య మావా, తాడు లాగు అన్నాడు. మంచి గొంతే.”

ఈ మాట రేపు స్టేషన్లో కూడా చెప్పాలన్నాడు పోలయ్య. దానయ్య తలూపాడు. తెప్పలు ఒడ్డు వైపు తిరిగాయి. అక్కడ పేట ఆడవాళ్ళంతా నిలబడి ఉన్నారు. కుళాయి దగ్గర మాట్లాడినవాళ్ళూ, పలకరింపుకి వచ్చినవాళ్ళూ ఉన్నారు.

పైడమ్మ దానయ్యని ఇసుకలో నిలబెట్టి మళ్ళీ చెప్పమంది. చెప్పాడు. వెనక ఉన్నవాళ్ళకి వినిపించలేదంది. గట్టిగా చెప్పాడు. ఆలస్యంగా వచ్చిన ముసలమ్మ ఒకావిడ ఏమిటేమిటని అడిగితే ఆవిడకీ చెప్పించింది. నేను ఆమె చేతిలోనే ఉన్నాను. ఆ మొహం ఆ మాటలు పలుకుతుంటే ఒక్కోసారీ కళ్ళారా చూశాను. ఎన్నిసార్లు చెప్పించినా నాకు తనివి తీరలేదు.